బ్యాటరీ పోయిన శుక్రవారం

పోయిన నెల మా ఆఫీసులో ఒక డిజైన్ రివ్యూ జరిగింది. చెరువు గట్టు మీద పెట్టే చిన్న పెట్టె గురించి. అది నీటిమట్టం కొలిచి పావుగంటకోసారి రేడియోలో పంపిస్తుంది. పైన రెండు అరచేతులంత సోలార్ పలక, లోపల ఒక బ్యాటరీ, అంతే. మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు చెయ్యెత్తి, "సార్, ఎన్‌క్రిప్షన్ తీసేస్తే బ్యాటరీ ఇంకెన్నాళ్ళు వస్తుంది? చెరువులో నీళ్ళెంతున్నాయో ఎవడు వింటాడు సార్?" అని అడిగాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను గానీ, ఆ తర్వాత గంటసేపు జరిగిన చర్చలో ఒక్క ముక్క నా బుర్రకెక్కలేదు. నా మనసు కోరుట్ల పక్కన మా ఊళ్ళో, ఒక కిరాణా కొట్టు పైకప్పు మీద ఉండిపోయింది.

ఆ కొట్టు మా పెద్దబాపుది. పైకప్పు మీద ఇనుప చట్రంలో ఓ నీలం పలక, పక్కన పొడుగాటి పైపు, దాని కొసన చేప ముల్లులాంటి యాంటెన్నా. యాంటెన్నా ముఖం కోరుట్ల వైపు. కొట్టు లోపల బియ్యం బస్తాల వెనక ఓ పెట్టె, దాని కింద లారీ బ్యాటరీ లాంటి బ్యాటరీ, గల్లాపెట్టె మీద ఎర్ర ఫోను. ఊరు మొత్తానికి అదొక్కటే. 1990ల నడుమ మీ ఊళ్ళో కూడా అలాంటిది ఉండే ఉంటుంది, గుర్తు చేసుకోండి. దాని అసలు పేరు మల్టీ యాక్సెస్ రేడియో రిలే, ముద్దుగా మార్ (ఆ పేరేంటో, ఆ ముద్దేంటో). సోలార్ కరెంటుతో నడిచే వైర్‌లెస్ అంటే ఇప్పుడు మనకు ఐఓటీ, కొత్త సరుకు. నిజానికి మన పల్లెలు దాన్ని ముప్పయ్యేళ్ళ కిందే వాడాయి, దానితో తిప్పలూ పడ్డాయి.

ఇంకొంచెం వెనక్కి పోదాం. అసలు సోలార్ సెల్ పుట్టిందే టెలిఫోను కోసం. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో డారిల్ చాపిన్ అనే ఇంజనీరుకు అప్పజెప్పిన పని ఏంటంటే, తేమ ఎక్కువుండే వేడి ప్రాంతాల్లో టెలిఫోను పరికరాల డ్రైసెల్ బ్యాటరీలు తొందరగా పాడైపోతున్నాయి, ఇంకో దారి చూడమని. ఆయన, కాల్విన్ ఫుల్లర్, జెరాల్డ్ పియర్సన్ కలిసి చేసిన సిలికాన్ సెల్‌ను 1954 ఏప్రిల్ 25న లోకానికి చూపించారు. దాని సామర్థ్యం 6 శాతం. మరుసటి ఏడాది, 1955 అక్టోబరులో, జార్జియా రాష్ట్రంలోని అమెరికస్ అనే ఊరి దగ్గర పల్లె టెలిఫోను లైనుకు దాన్ని తగిలించి పరీక్షించారు. తర్వాత 1958 మార్చి 17న ఎగిరిన వాన్‌గార్డ్-1 ఉపగ్రహంలో రెండు ట్రాన్స్‌మిటర్లు పెట్టారు, ఒకటి మామూలు బ్యాటరీతో, ఒకటి సోలార్ సెల్స్‌తో. బ్యాటరీది మూడు నెలలకే ఆగిపోయింది. సోలార్‌ది 1964 దాకా కూస్తూనే ఉంది. దాన్ని ఆపుదామన్నా ఆపే మీట లేదు. వినదలుచుకున్న ప్రతివాడూ విన్నాడు. సూర్యుడితో నడిచే రేడియోలో మొట్టమొదటి సెక్యూరిటీ సమస్య అదేనేమో, నోరు మూయించలేకపోవడం :)

మన దేశంలో సాహిబాబాద్‌లోని సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ 1977లో సోలార్ సెల్, ఆ మరుసటేడు ప్యానెలూ తయారుచేసింది. పల్లెలకు ఫోన్లు ఇవ్వాలన్న పట్టుదల మాత్రం 1994 జాతీయ టెలికాం విధానంతో గట్టిపడింది. 1997 కల్లా ప్రతి ఊరికీ ఫోను అన్నారు. తీరా 1999లో కొత్త విధానం రాసేటప్పుడు చూసుకుంటే, 6 లక్షల ఊళ్ళలో 3 లక్షల 10 వేల ఊళ్ళకే చేరింది. అంత దూరాలు రాగి తీగ లాగడం కుదరక వాడిన అడ్డదారే మార్. అందులో ఎక్కువగా వాడినదాన్ని టూ బై ఫిఫ్టీన్ అనేవారు. అంటే చుట్టుపక్కల పదిహేను ఊళ్ళ ఫోన్లకు రెండే రెండు రేడియో ఛానెళ్ళు.

మీరంతా క్యూయింగ్ థియరీ చదివినవాళ్ళే కాబట్టి ఓ చిన్న లెక్క. గంటలో ఒక్కో ఫోను సగటున మూడు నిమిషాలు మాట్లాడితే పదిహేను ఫోన్లకు 0.75 ఎర్లాంగ్. రెండు ఛానెళ్ళతో ఎర్లాంగ్-బి సూత్రం వేస్తే వందలో 14 కాల్స్ కలవవు. సరే, సర్దుకోవచ్చు. కానీ మా ప్రాంతానికి ఇంకో ప్రత్యేకత ఉంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అంటే గల్ఫ్ వలసలకు పేరు పడ్డ ఊళ్ళు. ఆ రోజుల్లో గల్ఫ్‌లో సెలవు శుక్రవారం. కాబట్టి పదిహేను ఊళ్ళ కొడుకులూ శుక్రవారమే ఫోన్ చేసేవాళ్ళు. ఒక్కో ఫోనుకు పన్నెండు నిమిషాలు వేసుకోండి, మొత్తం 3 ఎర్లాంగ్‌లు అవుతుంది, వందలో 53 కాల్స్ గోవిందా. సగానికి పైగా! దుబాయిలో ఎండలో లైన్లో నిలబడి, నాణేలు చేత్తో పట్టుకుని, ఎంగేజ్ మోత వింటూ ఉండేవాళ్ళు మావాళ్ళు. ఈ ఎంగేజ్ మోత సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఊరికి కరెంటు తీగలున్నాయి కదా, మరి సోలార్ ఎందుకూ అని అడగొచ్చు. దీనికి జవాబు సిరిసిల్లలో మా మేనమామ ఇంట్లో తెలిసొచ్చింది. సిరిసిల్లకు కరెంటు విషయంలో పెద్ద చరిత్రే ఉంది. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడ్డాక దేశంలో ప్రయోగంగా ఐదు చోట్ల సహకార విద్యుత్ సంఘాలు పెట్టించారు. కర్ణాటకలో హుక్కేరి, గుజరాత్‌లో కోడినార్, మహారాష్ట్రలో ములా ప్రవర, ఉత్తరప్రదేశ్‌లో లక్నో, మన దగ్గర సిరిసిల్ల. 1970లో మొదలైన ఆ సంఘాన్ని అందరూ సెస్ అనే పిలుస్తారు, ఇప్పటికీ అక్కడ కరెంటు ఇచ్చేది అదే. మామ ఇంట్లో నాలుగు మరమగ్గాలు. కరెంటు పోతే నాలుగూ ఒక్కసారే ఆగేవి. ఆ నిశ్శబ్దానికి చంటిపిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్ళు. మగ్గం ఆగితే నష్టం, కానీ కరెంటొచ్చాక మళ్ళీ నడుస్తుంది. ఆ వచ్చేది కూడా సరిగ్గా రాదు, ఓసారి బల్బు గుడ్డిదీపం, ఓసారి పేలిపోయేంత వెలుగు. దాన్ని నమ్ముకుని రేడియో పెట్టె పెట్టలేరు. సోలార్ పలక, బ్యాటరీ అయితే కనీసం పన్నెండు వోల్టులు నిలకడగా ఇస్తాయి. ఆ మేరకు ఇంజనీర్లు తప్పేమీ చేయలేదు.

ఇప్పుడు జగిత్యాల. 1978 సెప్టెంబరులో అక్కడ రైతుకూలీ సంఘాల ఊరేగింపు జరిగింది, జగిత్యాల జైత్రయాత్ర అంటారు. అక్టోబరు కల్లా జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. దాని వెంట పోలీసు క్యాంపులు, క్యాంపుల వెంట వైర్‌లెస్ సెట్లు. చిన్నప్పుడు స్టేషన్ ముందు నుంచి బడికి పోతుంటే కరకరమనే ఆ చప్పుడు, మధ్యలో "ఓవర్, ఓవర్" అనే మాట వినపడేవి. మా ఆటల్లో కూడా అగ్గిపెట్టెలకు దారం కట్టి "ఓవర్" అనేవాళ్ళం. ఆ సెట్లకు ఇసుక బస్తాలు, ముళ్ళకంచె, కాపలా, జనరేటర్ అన్నీ ఉండేవి. అదే గాలిలో నడిచే మా ఊరి ఫోనుకు ఉన్న రక్షణ? పెంకుల మీద మెలిపెట్టిన జీఐ తీగ ముక్క, మా పెద్దబాపు వేసే నవతాళం.

ఇక మాటల రహస్యం సంగతి. మార్ అనలాగ్ వ్యవస్థ, మాట ఉన్నదున్నట్టు గాల్లోకి పోతుంది. ఆ ఫ్రీక్వెన్సీకి సరిపోయే రిసీవర్ ఉన్నవాడు ఎవడైనా వినొచ్చు. చట్టం లేక కాదు. 1885 టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం ఫోను వినాలంటే ప్రభుత్వ ఉత్తర్వు కావాలి, 1996 డిసెంబరు 18న పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు హోం కార్యదర్శి స్థాయిలో ఇవ్వాలని, దాన్ని ఒక కమిటీ మళ్ళీ చూడాలని చెప్పింది. 1933 వైర్‌లెస్ చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోకూడదు. (2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ఈ రెంటి స్థానంలో వచ్చింది.) కానీ గాల్లో పోతున్న మాటను ఎవరైనా వింటే విన్నట్టు ఏ ఆనవాలూ మిగలదు. లాగ్ ఫైలు లేని సిస్టం మీద ఆడిట్ ఏం చేస్తాం? అయినా అంత దూరం ఎందుకు, ఆ ఫోనులో అరిస్తే తప్ప అవతలికి వినపడేది కాదు. కొట్టు ముందు బీడీ తాగే పదిమందికీ దుబాయి ముచ్చట్లన్నీ తెలిసేవి.

అందుకని జనం తమ ఏర్పాట్లు తాము చేసుకున్నారు. మా పెద్దబాపు కొడుకు, నాకు అన్న, జగిత్యాలలో కాలేజీ చదివేటప్పుడు విద్యార్థి సంఘం మీటింగులకు నాలుగైదుసార్లు పోయాడు. అంతే, పేరు ఏదో కాగితంలోకి ఎక్కింది. 1992లో పీపుల్స్‌వార్ మీద నిషేధం వచ్చాక ఇంటికి రెండుసార్లు జీపు వచ్చిపోయింది. ఇంట్లోవాళ్ళు భయపడి అప్పు చేసి దుబాయి పంపించారు. అక్కణ్ణుంచి శుక్రవారం శుక్రవారం ఫోను. మాట్లాడేది మా బాపమ్మ. ఆమెకు చదువు రాదు. కానీ పోయేముందు మనవడితో కూర్చుని ఓ ఒప్పందం చేసుకుంది.

"బర్రె ఇంక ఈనలే కొడుకా" అంటే ఊళ్ళో పరిస్థితి బాగాలేదు, రావద్దని.

"బర్రె ఈనింది, అచ్చి జున్ను తిను" అంటే రావచ్చని.

మా ఇంట్లో అప్పటికి బర్రె లేనే లేదు. కొట్టు ముందు బీడీలవాళ్ళకు ఆ సంగతి తెలుసు, అయినా ఎవరూ కిక్కురుమనలేదు. ఇప్పుడు ఆలోచిస్తే నాకు అబ్బురంగా ఉంటుంది. ముందుగా పంచుకున్న రహస్యం, ఒక్క బిట్ సమాచారం, అదనంగా ఒక్క మిల్లీవాట్ ఖర్చు లేదు. బాపమ్మ నడిపింది ప్రీ-షేర్డ్ కీ వ్యవస్థ!

1996లో నిషేధం మళ్ళీ వచ్చింది. మరుసటేడు ఎండాకాలానికి కొంచెం నెమ్మదించిందనుకున్నారు. ఒక శుక్రవారం బాపమ్మ మురిసిపోతూ బర్రె ఈనిందని చెప్పేసింది. అన్న టికెట్టు తీసుకున్నాడు. సరిగ్గా రెండు వారాలకు పక్క మండలంలో ఏదో జరిగి మళ్ళీ సోదాలు మొదలయ్యాయి. అన్న బయల్దేరేలోపు ఒక శుక్రవారం మిగిలుంది. అన్న ఉండే క్యాంపులో ఫోను లేదు, ఇక్కణ్ణుంచి చేయడానికి నంబరే లేదు, అతను చేస్తేనే మాట. ఉత్తరం చేరాలంటే పదిహేను రోజులు. కాబట్టి ఆ ఒక్క ఫోను మీదే అంతా ఆధారపడింది.

గురువారం రాత్రి బ్యాటరీ పోయింది. కొట్టు వెనక తడిక కోసి ఎత్తుకుపోయారు. గల్లాపెట్టె జోలికి పోలేదు, బియ్యం బస్తా ముట్టలేదు, ఒక్క బ్యాటరీయే. ఎవరు తీసారో ఇప్పటికీ తెలియదు. కరెంటు సరిగా ఉండని ఊళ్ళో పన్నెండు వోల్టుల బ్యాటరీ అంటే ఆ నెలంతా ఓ ఇంట్లో బ్లాక్ అండ్ వైట్ టీవీ నడుస్తుంది. పొద్దున్నే పలక మీద ఎండ పడుతోంది గానీ కరెంటు నిలవుండే చోటే లేదు. పెద్దబాపు సైకిలు మీద కోరుట్లకు పోయి చెప్పొచ్చాడు, సోమవారం చూస్తామన్నారు. బాపమ్మ మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ చచ్చిన ఫోను ముందే కూర్చుంది. ట్రాక్టరు బ్యాటరీ పెడదామని ఎవరో అన్నారు, తెచ్చేసరికి చీకటి పడింది. పెట్టినా పెట్టె పలకలేదు.

అవతల అన్న ఏమనుకున్నాడు? ఏమీ అనుకోలేదు. నాలుగుసార్లు చేశాడు, కలవలేదు. శుక్రవారం కలవకపోవడం మామూలే కదా! ఛానెళ్ళు ఖాళీ లేవనుకున్నాడు. చచ్చిన లింకుకూ బిజీగా ఉన్న లింకుకూ తేడా అతనికి తెలిసే దారి లేదు. మరుసటి బుధవారం బొంబాయిలో దిగి, బొంబాయి బస్సెక్కి, గురువారం తెల్లారుజామున కోరుట్లలో దిగాడు. మూడో రోజు జీపు వచ్చింది. తొమ్మిది రోజులు. ఏ స్టేషన్లో ఉంచారో, అక్కడ ఏం జరిగిందో అన్న ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. వచ్చాక చాలారోజులు నేల మీద కూర్చోలేకపోయేవాడు. తిరిగి పోయే గడువు దాటి వీసా పోయింది. అప్పు మాత్రం పోలేదు. సిరిసిల్లలో మా మేనమామ దగ్గర మగ్గాల మీద చేరాడు.

మా ఇంట్లో ఇరవయ్యేళ్ళపాటు ఒకటే మాట, "ఫోను విన్నరు, గందుకే దొరికిండు" అని. నేనూ అదే నమ్మాను. ఈ రంగంలోకి వచ్చి, ఆ సిస్టం ఎలా పనిచేసేదో చదువుకున్నాక ఆ నమ్మకం సడలింది. విన్నా వినిపించేది బర్రె సంగతే. తెల్లారి బస్సు దిగినవాణ్ణి చూడ్డానికి కోరుట్ల బస్టాండులో ఒక జత కళ్ళు చాలు. వినడం వల్ల కాదు, వినిపించాల్సిన మాట వినిపించకపోవడం వల్ల దెబ్బ తిన్నాం. గుట్టు గట్టిదే, పెట్టెకు ప్రాణం పోసే బ్యాటరీకి మాత్రం గొళ్ళెం లేదు.

మార్ ఫోన్ల కథ ఎక్కువ కాలం సాగలేదు. చెడిపోయేవే ఎక్కువ. 2003లో సార్వత్రిక సేవల నిధి కింద ఒప్పందాలు చేసుకుని లక్షా 86 వేల పైచిలుకు మార్ ఫోన్లను వేరే టెక్నాలజీకి మార్చడం మొదలెట్టారు. 2002 అక్టోబరులో బీఎస్ఎన్ఎల్ సెల్ సేవ మొదలైంది, మెల్లగా కొట్టు ఫోన్ల పని అయిపోయింది. జీఎస్ఎంలో మాటకు తాళం ఉంది, ఏ-ఫైవ్-వన్ అని. ఆ తాళం మీద మాత్రం లోకమంతా పడింది. 1999లో బిర్యుకోవ్, షమీర్, వాగ్నర్ దాన్ని తీయడం ఎలాగో చూపించారు, 2009 డిసెంబరులో బెర్లిన్‌లో కార్స్‌టెన్ నోల్ మామూలు కంప్యూటరుతో తీయొచ్చని చెప్పాడు. ఆ వార్తలు మనమంతా చదివాం, ఫార్వర్డ్ చేసుకున్నాం. అదే 1999లో ఫ్రాంక్ స్టజానో, రాస్ ఆండర్సన్ రాసిన ఒక పేపరు మాత్రం మనలో చాలామంది కంట పడలేదు. బ్యాటరీతో నడిచే పరికరాన్ని బద్దలు కొట్టక్కర్లేదు, ఊరికే పిలుస్తూ నిద్రపోనివ్వకుండా చేస్తే అదే చస్తుందన్నారు. దానికి నిద్రలేమి చిత్రహింస అని పేరు పెట్టారు. ఆ మాట చదివిన రోజు నాకు అన్న తొమ్మిది రోజులు గుర్తొచ్చి పేపరు పక్కన పెట్టేశాను.

సోలార్ వైర్‌లెస్ మళ్ళీ పెద్దఎత్తున వచ్చింది మావోయిస్టు ప్రాంతాల టవర్లతో. తెలంగాణ, ఆంధ్ర సహా 10 రాష్ట్రాల్లో 2,343 చోట్ల బీఎస్ఎన్ఎల్ తక్కువ కరెంటు తాగే 2జీ టవర్లు సౌరశక్తితో నడిపింది. 2022 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్ వాటిని 4జీకి మార్చడానికి 1,884.59 కోట్లు, పాతవాటి నిర్వహణకు 541.80 కోట్లు ఆమోదించింది. ఆ టవర్లు చాలావరకు పోలీసు స్టేషన్ల, భద్రతాదళాల క్యాంపుల ఆవరణల్లోనో ఆనుకునో ఉన్నాయి. ప్రభుత్వం వాటిని పిలిచే పేరే సెక్యూరిటీ సైట్లు. అర్థం చేసుకోగలను. బయట పెడితే పేల్చేసేవాళ్ళు, లేదా బ్యాటరీలు మాయమయ్యేవి. కానీ మా బాపమ్మ లాంటి మనిషి ఆ టవర్ కింద నిలబడి బర్రె సంగతి మాట్లాడాల్సి వస్తే ఎలా ఉంటుందో కూడా ఊహించగలను. పెట్టెకు రక్షణ దొరికింది, మాట్లాడేవాళ్ళకు దొరికిందా అనేది వేరే ప్రశ్న. ఈ రెండూ ఒకటే అన్నట్టు రాసే టెండర్ డాక్యుమెంట్లు చూస్తే నాకు చిరాకు.

సరే, మా కుర్రాడి దగ్గరికొస్తే. మర్నాడు వాణ్ణి కూర్చోబెట్టి లెక్క చూపించాను. ఇలాంటి పెట్టెలో కరెంటు తినేది ఎన్‌క్రిప్షన్ కాదు, రేడియో పంపే ఆ కాసేపే. చిప్‌లోనే ఏఈఎస్ ఉంటే దాని ఖర్చు చిల్లర, దానికోసం అదనంగా పంపే నాలుగు బైట్లదే అసలు ఖర్చు. తర్వాత వాడినే అడిగాను, "బ్యాటరీ పూర్తిగా చచ్చి మళ్ళీ లేస్తే ఫ్రేమ్ కౌంటర్ ఎక్కణ్ణుంచి మొదలవుతుంది?" అని. వాడు కోడు చూశాడు. సున్నా నుంచి! కౌంటర్ ర్యామ్‌లోనే ఉంది. కీ అదే, కౌంటర్ మళ్ళీ మొదట్నుంచి అంటే అదే కీస్ట్రీమ్ రెండోసారి వాడినట్టు. రెండు మెసేజ్‌లు పక్కపక్కన పెట్టి చూసేవాడికి లోపలి విషయం బయటపడుతుంది. కౌంటర్ మళ్ళీ ఆ అంకెకు వచ్చేసరికి పాత మెసేజ్‌ను కొత్తదిగా పంపొచ్చు కూడా. పాత లోరావాన్ పరికరాల్లో చాలావాటికి ఉన్న జబ్బే ఇది. అంటే తాళం ఎంత గట్టిదైనా బ్యాటరీని ఒకసారి పీకి పెడితే వదులైపోతుంది. వాడు రెండ్రోజుల్లో కౌంటర్‌ను ఫ్లాష్‌లో రాసేలా మార్చాడు. వోల్టేజి పడిపోతుంటే ముందే కబురు పంపేలా, పెట్టె మూగబోతే సర్వర్ దాన్ని "డేటా లేదు" అనకుండా "పెట్టె చచ్చింది" అని విడిగా చెప్పేలా నేను పట్టుబట్టి చేయించాను. మేనేజరు గారు రెండు వారాలు ఆలస్యమని మొహం మాడ్చుకున్నారు.

మొన్న దసరాకి సిరిసిల్ల పోయినప్పుడు అన్నకు ఇదంతా చెప్పాను. కౌంటర్, కీ అంటూ ఉత్సాహంగా కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. ఆయన మగ్గం ఆపి, పడుగులో తెగిన పోగు ముడేస్తూ అంతా విన్నాడు. చివరికి ఒక్కటే అడిగాడు.

"గదంతా మంచిగనే ఉన్నది గని తమ్మీ, బ్యాటరీని దేనితోని కట్టిండ్రు?"